రాయికి పూసిన మేత

వైగై డ్యాము చేపలు ఇంటికొచ్చిన రోజు మా చిన్నాయన పెరట్లో పీట వేసుకుని కూర్చుంటాడు. కూర చేసేది పిన్నమ్మే గానీ పొట్ట చీల్చే పని మాత్రం ఎవరికీ ఇవ్వడు. జిలేబి చేప పొట్టలోంచి పేగును తెగకుండా లాగి, నీళ్లు చల్లిన గచ్చు మీద వంకర్లు తీసి పరిచాడు ఒకసారి. చేప జానెడుంది. పేగు నా నడుము ఎత్తు దాటింది. పక్కనే కొరమీను పేగు పరిచాడు. అది చేపంత పొడుగు కూడా లేదు.

"ఈ రెండిటికీ ఒకే తిండి పెడితే ఎట్టరా?" అన్నాడు.

తమిళనాడు తేనిలో మా ఇళ్లలో తెలుగే మాట్లాడతాం. బడి, బజారు అంతా తమిళం. నాయక రాజుల కాలంలోనో అంతకుముందో ఇటు దిగివచ్చిన కమ్మవారు, రాజకంబళంవారు ఈ కంబం లోయ పొడుగునా ఉన్నారు. మా మాటల్లో చేప ఒక్కోసారి 'మీను' అయిపోతుంది. ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలు తమిళం కలిసిందని నవ్వుతారు. కొరమీను అన్నప్పుడు వాళ్లు పలికేదీ ఆ మీనే, గుర్తురాదంతే.

చిన్నాయన పెంచేవి కూర చేపలు కావు. ముందు గదిలో ఆరు అద్దాల తొట్లున్నాయి. వాటిలో ఏంజెల్, ఆస్కార్, మలావీ సరస్సు నుంచి వచ్చిన నీలం పసుపు చేపలు. అన్నీ సిక్లిడ్ కుటుంబం. జిలేబి కూడా ఆ కుటుంబానిదే. 1952లో బ్యాంకాక్ నుంచి రామేశ్వరం దగ్గరి మండపం ఊరికి తెచ్చి, అక్కడి నుంచి చెరువుల్లో వదిలిన ఆఫ్రికా చేప అది. వైగై డ్యాము తెరిచింది 1959లో. అంటే డ్యాము కంటే ముందే ఈ దేశం వచ్చి, నీళ్లు నిండాక అందులో చేరి కూర్చుంది. ముందుగదిలో దొరబాబులా తిరిగే చేపకూ, పిన్నమ్మ చింతపులుసులో ఉడికే చేపకూ చుట్టరికం ఉందంటే వినేవాళ్లు నమ్మరు. చిన్నాయన మేత తయారీ అంతా ఆ చుట్టరికం మీదే నడుస్తుంది. తొట్లో చేప పొట్ట కోసి చూడలేం కాబట్టి, కూర చేప పొట్టలో పాఠం చదువుకున్నాడు.

ఆయన పని నాకు అబ్బురంగా కనిపించేది ఇక్కడే. చేపలు పెంచే చాలామంది మేత ఎంచేటప్పుడు చేప ఆత్రాన్ని చూస్తారు. ఏది వేస్తే ఎగబడి తింటుందో అది మంచిదనుకుంటారు. సిక్లిడ్ అన్నింటికీ ఎగబడుతుంది. బిడ్డ మిఠాయికి ఎగబడినట్టు. ఆయన చూసేది నోరు, పేగు. ఆత్రం లెక్కలోకి రాదు.

నోరంటే బయటికి కనపడే నోరొక్కటే కాదు. సిక్లిడ్లకు గొంతులో రెండో దవడల జత ఉంటుంది. ముందు నోరు పట్టుకుంటుంది, గీకుతుంది, పీలుస్తుంది. నమలడం, నలపడం గొంతు దవడల పని. కారెల్ లీమ్ అనే శాస్త్రజ్ఞుడు 1973లో ఈ గొంతు దవడల అమరికే సిక్లిడ్లు ఇన్ని రకాలుగా విడిపోవడానికి తాళంచెవి అని వాదించాడు. నమిలే బాధ్యత వెనక్కి పోయింది కాబట్టి ముందు నోరు ఏ పనికి కావాలంటే ఆ పనికి మలుచుకునే వీలు కలిగింది. ఒక్క మలావీ సరస్సులోనే ఎనిమిది వందలకు పైగా సిక్లిడ్ జాతులున్నాయని అంచనా. అక్కడ ఒక చేపకు ముక్కు నోటి పైకి పొడుచుకొచ్చి, నోరు కిందికి తిరిగి ఉంటుంది. రాతికి సమాంతరంగా ఒళ్లు వాల్చి పాచి గీక్కుంటుంది, తలకిందులుగా వేలాడే పనిలేకుండా. పక్కనున్న టాంగన్యికా సరస్సులో ఇంకో చేప ఉంది, ఇతర చేపల పొలుసులే దాని తిండి. కొన్నింటి నోరు ఎడమకు, కొన్నింటిది కుడికి వంకర. ఎడమ నోటివి ఒక పక్క నుంచి, కుడి నోటివి మరో పక్క నుంచి పొలుసు కొరుకుతాయి. మిచియో హోరి అనే జపాన్ శాస్త్రవేత్త 1993లో ఈ కుడి ఎడమల లెక్క తేల్చి రాశాడు. ప్రకృతి ఇంత నిక్కచ్చిగా కొలత తీసి కుట్టిన నోటికి, డబ్బాలోంచి గుప్పెడు గుళికలు తీసి పడేస్తాం మనం.

గుళికలంటే చిన్నాయనకు కోపం లేదు. మంచి కంపెనీ గుళిక ఆయన తొట్లలోనూ పడుతుంది, ఊరెళ్లినప్పుడు. నిజం చెప్పాలంటే ఇంట్లో అడ్డగోలుగా వండిన మేత కంటే మంచి గుళికే మేలు. నేనే దానికి సాక్షిని. ఆరేళ్ల కిందట డెమసోనీ చేపలు కొన్నాను, చిటికెన వేలంత నీలం చారల పిల్లలు. అవి పాచి గీకి బతికే జాతి. నేను ప్రేమ ఎక్కువై రోజూ రెండు పూటలా గడ్డకట్టిన ఎర్రపురుగులు వేశాను. అమ్మినవాడు కూడా వేయమనే అన్నాడు. మూడో వారానికి మేత నోట్లోకి తీసుకుని ఉమ్మడం మొదలైంది. తెల్ల దారంలా మలం. తర్వాత పొట్ట ఉబ్బింది. పెంపకందార్లు దాన్ని మలావీ ఉబ్బు అంటారు. పేగులోని పరాన్నజీవుల వల్లనా, తప్పుడు తిండి వల్లనా, ఇరుకు తొట్టి ఒత్తిడి వల్లనా అని వాదించుకుంటారు. బహుశా మూడూ కలిసినప్పుడే వస్తుంది. పన్నెండింటిలో నాలుగు మిగిలాయి. చిన్నాయన తిట్టలేదు. పొడుగు పేగులో మాంసం నిలవుంటుంది, నిలవున్నది మురుగుతుంది, అని మాత్రం అన్నాడు. మిగిలిన నాలుగూ ఇప్పుడు ఆయన తొట్లోనే ఉన్నాయి.

శనివారం సాయంత్రం ఆయన మేత చేస్తాడు. పిన్నమ్మ ఇడ్లీ పిండి రుబ్బి గ్రైండరు కడిగాక వంతు ఈయనది. మిక్సీ ముట్టుకోడు. మిక్సీ కత్తి తిరిగితే పిండి వేడెక్కుతుందని ఇడ్లీ తినే ఇంట్లో చెప్పక్కర్లేదు. రాతి గుండు చల్లగా నలుపుతుంది. పైగా ఎప్పుడు ఆపాలో వేలితో తడిమి చూసుకోవచ్చు. ఆస్కార్‌కు బరకగా ఉండాలి, ఏంజెల్ పిల్లలకు మినప్పిండంత మెత్తగా.

పాచి గీకే చేపల మేతలో సగానికి పైగా ఆకు, పప్పు. పచ్చి బఠాణీలు ఉడకబెట్టి ఒక్కొక్కటే తొక్క వలుస్తాడు. పాలకూర అయితే మరిగే నీళ్లలో ముంచి ఆ నీళ్లు పారబోస్తాడు, ఆక్సాలిక్ ఆమ్లం కొంత వాటితో పోతుందని. కానీ ఆయన అసలు మక్కువ మునగాకు. మునగ విషయంలో తేని జిల్లాకు గర్వపడే హక్కుంది. ఆంధ్రా రైతులు కూడా వేసుకునే పి.కె.ఎం. 1 రకంలో ఆ మూడక్షరాలు పెరియకుళం ఊరివే. అక్కడి ఉద్యాన కళాశాలలో తయారైన విత్తనం, 1989లో విడుదలైంది. ఆండిపట్టి వైపు వెళ్తే తోటలకు తోటలే. ఎండిన మునగాకులో దాదాపు నాలుగో వంతు మాంసకృత్తులు. లేత చిగుళ్లు మాత్రమే దూస్తాడు, ఈనె ఒక్కటి కనబడినా తీసేస్తాడు. ఈనె పడితే చిన్న చేప గొంతు దవడల్లో ఇరుక్కుంటుందట.

దానికి స్పైరులినా పొడి కలుస్తుంది. కాస్త రొయ్య. రొయ్యను పెంకుతోనే రుబ్బుతాడు. ఆ పెంకులోనే రంగుంది. చేపలు ఎర్రరంగునూ పసుపునూ చాలావరకు తమంతట తాము తయారు చేసుకోలేవు, తిండిలోంచి తీసుకోవాల్సిందే. పసుపు చేపల కోసం ఎండబెట్టిన బంతి రేకులు చిటికెడు వేస్తాడు. మలేషియాలో 1990లలో పుట్టించిన ఫ్లవర్‌హార్న్ చేప మోజులో హార్మోను పెట్టి రంగెక్కించేవాళ్లున్నారు. ఆ మాటెత్తితే చిన్నాయన లేచి వెళ్లిపోతాడు. రొయ్యను రుబ్బేముందు ఒక్క నిమిషం వేడి నీళ్లలో వేసి తీస్తాడు. కొన్ని చేపల్లో, గుల్ల జీవుల్లో బి1 విటమిన్‌ను విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది, వేడి తగిలితే అది చస్తుంది. మైదా వేయడు. డిస్కస్ చేపలు పెంచేవాళ్లు వాడే ఎద్దు గుండె కూడా వేయడు. క్షీరదాల కొవ్వు తొట్టి నీళ్ల వేడి చాలక గట్టిపడిపోతుందని, చేప ఒంట్లో దానికి దారి దొరకదని ఆయన వాదం. ఈ వాదనతో డిస్కస్ వాళ్లు ఒప్పుకోరు. కొవ్వు శుభ్రంగా తీసేసి వాడి, చక్కని చేపలు తీసినవాళ్లు ఉన్నారు. ఆ తగువులోకి నేను పోను.

ఇంతవరకూ ఎవరైనా చేయొచ్చు. పనితనం కనబడేది ఇదంతా గట్టిపరిచే దగ్గర.

నీళ్లలో వేస్తే విడిపోకూడదు, చేప నోటికి రబ్బరులా సాగకూడదు. చాలామంది జెలటిన్ వాడతారు. తేని ఎండల్లో తొట్టి నీళ్లు 30 డిగ్రీలు దాటితే జెలటిన్ కరిగి మేత బురదవుతుంది. చిన్నాయన వాడేది అగర్, మా వైపు మాటలో కడల్‌పాసి. మండపం, రామేశ్వరం తీరంలో ఆడవాళ్లు నీళ్లలో మునిగి కోసుకొచ్చే సముద్రపు నాచు నుంచి తీసేది. దాని ఫ్యాక్టరీలు మదురైలోనే ఉన్నాయి. దాని గుణం చిత్రమైంది. కరగాలంటే దాదాపు మరగాలి. 40 డిగ్రీలకు కాస్త కిందికి వస్తే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టాక మళ్లీ 85 దాకా వెళ్తేగానీ కరగదు. ఏ వేసవి తొట్లోనైనా నిలబడుతుంది. అయితే అది చేపకు అరగదు, లోపలికెంత పోయిందో అంతా బయటికొస్తుంది. కాబట్టి ఎంత తక్కువ వేస్తే అంత గొప్ప. కిలో మేతకు పది గ్రాముల దగ్గర ఆయన చెయ్యి ఆగుతుంది.

ఇంకో చిక్కు విటమిన్ సి. మనలాగే చాలా చేపలు కూడా దాన్ని సొంతంగా తయారు చేసుకోలేవు. లోటు పడితే పిల్లల వెన్ను వంగిపోతుంది. వేడికి అది నిలవదు. మరిగే అగర్‌లో వేస్తే వృథా. అగర్ గడ్డకట్టాక వేస్తే కలవదు. అంటే మేత 45 డిగ్రీల దగ్గరకు దిగినప్పటి నుంచి గడ్డ మొదలయ్యేదాకా ఉండే కాసేపట్లో కలపాలి. రెండు మూడు నిమిషాలు, అంతే.

ఆ రెండు మూడు నిమిషాల కోసం ఆయన గంట ముందు నుంచి సర్దుకుంటాడు. రుబ్బిన ముద్దను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టి ఉంచుతాడు. చల్లటి ముద్ద మీద వేడి అగర్ పోస్తే అక్కడికక్కడే గడ్డకట్టి దారాలు దారాలుగా తేలుతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు అచ్చం విరిగిన పాలలా వచ్చింది. ముద్ద వెచ్చగా ఉంటే రెండూ కలిసిపోతాయి. తర్వాత చెక్క గరిటెతో ఒకే వైపు తిప్పుతాడు. థర్మామీటరు ఉంది, గోడకు వేలాడుతోంది. ఆయన చూపుడు వేలు ముంచుతాడు. మొదట చటుక్కున తీస్తాడు. కాసేపాగి మళ్లీ ముంచి, ఓర్చుకోగలిగితే, 'ఊఁ' అంటాడు. అప్పుడు నలిపి పెట్టుకున్న విటమిన్ బిళ్లల పొడి, చితక్కొట్టిన వెల్లుల్లి పడతాయి. నేను ఓసారి థర్మామీటరు పెట్టి చూశాను. 46.

ఆస్కార్‌ల మేత, ఏంజెల్‌ల మేత పళ్లాల్లో పోసి, కత్తి వెన్నుతో గళ్లు గీసి ఫ్రీజరులో పెట్టేస్తాడు. వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఆస్కార్‌కు రొయ్య, చేప ఎక్కువ, ఆకు తక్కువ.

మలావీ చేపల మేత పళ్లెంలోకి పోదు. వైగై ఏట్లోంచి ఏరి తెచ్చిన అరచెయ్యంత రాళ్లు ఆయన దగ్గర డజను దాకా ఉన్నాయి. నున్నటివి కావు, గరుకు నల్లరాళ్లు. ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆ సాయంత్రం మళ్లీ కాస్త వెచ్చబెట్టి పేర్చుకుంటాడు. రాయి చల్లగా ఉంటే మేత పట్టకముందే గడ్డకట్టి పెచ్చులా ఊడొస్తుంది. వెచ్చటి రాయి మీద గరిటెతో పోసి, వంచి, గోరంత మందాన అలికి వదిలేస్తాడు, దోసె పెనం మీద పిండి అలికినట్టు. పది నిమిషాల్లో గరుకు గుంటల్లోకి దిగి పట్టేస్తుంది.

పరీక్ష కూడా ఉంది. ఒక రాయిని గాజు గ్లాసు నీళ్లలో వేసి గంటసేపు దీపం ముందు పెడతాడు. నీళ్లు మబ్బేస్తే ఆ విడత అంతా కోళ్లకు. ఈ ఏడాదిలో నేనున్నప్పుడే రెండుసార్లు కోళ్ల పంట పండింది.

పొద్దున్నే ఒక రాయి తొట్లోకి దిగుతుంది. గుళిక వేస్తే ఆ చేపలు ఒక్క అర నిమిషంలో పైకెగిరి మింగేసి, ఇక పనిలేక ఒకదాన్నొకటి తరుముకుంటాయి. రాయి వేస్తే అలా కాదు. చుట్టూ చేరి గీకుతాయి. పొట్ట నిండడానికి గంట పడుతుంది. ఆ గంటసేపు వాటికి పనుంది, తగువుల్లేవు. సరస్సులో అవి రోజంతా చేసే పని అదే కదా. వారంలో ఒక రోజు అదీ ఉండదు. ఇంట్లో పెద్దవాళ్ల ఉపవాసాలు చూసి నేర్చుకున్నాడో ఏమో, మీన్లకు వారానికో ఏకాదశి అంటాడు.

మధ్యాహ్నం రాయి బయటికి తీసి, కళ్లద్దాలు పైకి నెట్టి, కిటికీ వెలుతురుకు వాల్చి చూస్తాడు. మేత మీద పళ్ల గీతలుంటాయి, దువ్వెన గీసినట్టు సన్నగా, వరసగా. పెద్ద మగచేప గీతలు వెడల్పు, లోతు. పిల్లలవి అంచుల్లో వెంట్రుకల్లా ఉంటాయి. పోయిన నెల నేను వెళ్లినప్పుడు రాయిని అటూ ఇటూ తిప్పి, నాకు చూపించాడు. అంచుల్లో మేత నున్నగా ఉంది.

"పిల్లల్ని దగ్గరికి రానీలేదు ఇయ్యాల. రేపట్నుంచి రెండు రాళ్లు వేద్దాం," అన్నాడు, రాయిని కడగడానికి లేస్తూ.