డ్రిబుల్ బంద్

జేమ్స్ నైస్మిత్ 1891లో బాస్కెట్‌బాల్‌కు రాసిన 13 నిబంధనల్లో బంతిని నేలకు కొడుతూ సాగే డ్రిబుల్ లేదు. బంతి పట్టుకుని పరుగెత్తకూడదు, పట్టిన చోటి నుంచే విసరాలి. అంటే ఆట పుట్టిందే పాస్‌తో. సొంతంగా దూసుకుపోవడం తర్వాత వచ్చి చేరింది. నైస్మిత్ ఆ నిబంధనలు రాసింది అమెరికాలో ఒక వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో. మన హైదరాబాద్ నారాయణగూడ వైఎంసీఏ కోర్టు పక్కన నిలబడినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది.

ప్రాక్టీసులో కోచ్ ఎప్పుడైనా 'డ్రిబుల్ బంద్' అంటే చూడాలి తమాషా. జట్టులో మొనగాడికి బంతి అందగానే చెయ్యి దానంతటదే నేలకేసి కొడుతుంది. విజిల్. బంతి అవతలి జట్టుకి. మళ్లీ కొడతాడు, మళ్లీ విజిల్. చిరాగ్గా తలెత్తి చూస్తే మూలన చేతులు చాచుకుని ఓ పొట్టి పిల్లాడు. వాడు మొదట్నుంచీ అక్కడే ఉన్నాడు!

ఈ మందు మన ఊరికి కొత్తేం కాదు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన సయ్యద్ అబ్దుల్ రహీం, ఫుట్‌బాల్‌లో డ్రిబుల్ లేని టోర్నమెంట్లే పెట్టించారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలితే, భారత జట్టు కోచ్‌గా ఉన్న రహీం సాబ్ అతణ్ని ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. పేరు తెచ్చిన స్థానం వదిలి, తలకు కట్టుతో ఆడాడు జర్నైల్. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, అందులో ఒక గోల్ అతనిదే.

అయితే విజిల్ ఒక్కటే చాలదు. మొనగాడు ముందు లొంగాలి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో శాన్ ఆంటోనియో కోచ్ పాపోవిచ్ అందరి ముందూ తన జట్టు మొనగాడు టిమ్ డంకన్‌ను తిట్టేవాడు, డంకన్ విని ఊరుకునేవాడు. అంతటివాడే పడుతుంటే మిగతావాళ్లు ఏం నోరెత్తుతారు? 2012లో డంకన్ తన జీతం సగానికి పైగా తగ్గించుకున్నాడు. జట్టులో పదిమందినీ నిలుపుకునే వీలు చిక్కింది. 2014లో టైటిల్ గెలిచిన ఆ జట్టు పాస్‌లను కోచ్‌లు ఇప్పటికీ వీడియోల్లో చూపిస్తారు.

మన దగ్గర చిక్కు కోర్టు గేటు బయట ఉంది. స్కూటర్ మీద ఎదురుచూసే నాన్న 'ఎన్ని కొట్టావురా?' అంటాడు. ఎవరికి ఇచ్చావని అడిగిన నాన్నను నేనింకా చూడలేదు.