కిటారో జుట్టు నిక్కబొడుచుకుంటే

తల్లి శవాన్ని పాతిపెట్టిన గోరీలోంచి మట్టి తోసుకుని పైకొచ్చినవాడు కిటారో. ఎడమ కన్ను లేదు. తండ్రి ఒళ్లంతా కుళ్లి కరిగిపోగా ఒక్క కనుగుడ్డు మిగిలింది. దానికే కాళ్లూ చేతులూ మొలిపించుకుని ఆయన కొడుకు జుట్టులో కాపురముంటాడు. స్నానం టీ గిన్నెలో. ఇంత వికారమైన పుట్టుక పుట్టిన పిల్లవాణ్ణి జపాన్ బొమ్మల కథల్లో అందరికీ ముద్దొచ్చే వీరుణ్ణి చేసిన ఘనత షిగేరు మిజుకి (1922–2015)ది.

అసలు ఈ పిల్లవాడు ఆయన ఊహలో పుట్టినవాడు కాదు. 1930లలో కామిషిబాయ్ వాళ్లు చెప్పిన కథ ఇది. సైకిల్ మీద చెక్కపెట్టె పెట్టుకుని, బొమ్మల అట్టలు ఒక్కొక్కటే లాగి చూపిస్తూ, పిల్లలకు మిఠాయిలు అమ్ముకునేవాళ్లు వాళ్లు. రెండో ప్రపంచయుద్ధం తరవాత మిజుకి ఆ అట్టలు గీసే పొట్టపోసుకున్నాడు. యుద్ధంలో సైనికుడిగా పసిఫిక్ దీవుల్లోని రబౌల్‌లో ఉండగా బాంబుదాడిలో ఎడమ చెయ్యి పోయింది కాబట్టి గీసిందంతా ఒంటిచేత్తోనే. టీవీ వచ్చి కామిషిబాయ్‌ని మింగేసింది. 1960లో కిటారో అద్దె పుస్తకాల్లోకి, 1965లో ‘షోనెన్ మ్యాగజైన్’ వారపత్రికలోకి చేరాడు.

మిజుకి గీసిన పేజీని తీరిగ్గా చూడాలి. మనుషుల ముఖాలు నాలుగు గీతల్లో తేలిపోతాయి. వెనకున్న పాడుబడ్డ గుడి, చెట్ల వేళ్లు, నాచు పట్టిన రాళ్లు మాత్రం చుక్క పక్కన చుక్క, గీత మీద గీత పెట్టి ఫొటో అంత దట్టంగా నింపినవి. పాత్ర వెంట పరిగెత్తబోయిన కన్ను ఆ చీకట్లో చిక్కుకుంటుంది. భయమంతా దెయ్యం వచ్చిన చోటులోనే ఉంటుంది. ఈ చాకిరీ ఒక్కడి వల్ల అయ్యేది కాదు. తరవాత సొంతంగా పెద్ద పేరు తెచ్చుకున్న యోషిహారు త్సుగే, ర్యోయిచి ఇకెగామి ఆయన దగ్గర సహాయకులుగా పనిచేసినవాళ్లే.

నాకు మరీ నచ్చే నేర్పు ఇంకొకటుంది. జానపద పరిశోధకుడు కునియో యానగిత, పల్లెల్లో చెప్పుకునే యోకాయ్‌ల, అంటే దెయ్యాల, వింతజీవుల పేర్లూ చేష్టలూ రాసిపెట్టాడు. వాటిలో కొన్నిటికి రూపమే లేదు. అడవిదారిలో పోయేవాళ్ల మీద ఇసక పడుతుంది, చల్లే ముసలిదాన్ని చూసినవాళ్లు లేరు. రాత్రి నడుస్తుంటే కనబడని గోడ అడ్డొస్తుంది. మిజుకి ఆ ముసలిదానికి ముఖమిచ్చాడు, గోడకు కళ్లూ కాళ్లూ పెట్టాడు. కగోషిమా వైపు మనుషుల మెడకు చుట్టుకుంటుందనే తెల్లగుడ్డ దెయ్యం, ఈయన చేతిలో కిటారోని ఎక్కించుకుని ఎగిరే నేస్తమైంది. ఇందులో కొంత నష్టమూ ఉంది. పేరు తప్ప ఏమీ లేనప్పుడు ఎవరి భయం వాళ్లది. ఇప్పుడు దేశమంతటికీ ఒకటే ముసలిది.

ఇక పోరాటం. దుష్టశక్తి దగ్గరికొస్తే కిటారో వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. అవే సూదుల్లా దూసుకెళ్తాయి. చెక్క చెప్పులు ఎగిరి కొట్టి తిరిగొస్తాయి. పూర్వీకుల వెంట్రుకలతో నేసిన చారల కోటు శత్రువుని చుట్టేస్తుంది. అయినా చాలాసార్లు గెలిపించేది తండ్రి బుర్రే. ఆ పీడ ఏది, ఎక్కడిది, దేనికి లొంగుతుందో ఆయనకు తెలుసు. దాన్ని నిద్రలేపింది తరచు మనిషి ఆశే. మధ్యలో నెజుమి ఒతోకో ఉంటాడు: సగం మనిషి, సగం యోకాయ్, స్నానమెరుగని కంపుగాడు, డబ్బిస్తే కిటారోనే అమ్మేసే రకం. ఈ గుంటనక్క లేకపోతే కిటారో ఉత్త మంచిబాలుడు.

టీవీలో జరిగింది కొంతవరకు అదే. అద్దె పుస్తకాల కిటారో సిగరెట్ కాల్చేవాడు, మనుషులు ఏమైపోయినా పెద్దగా పట్టించుకునేవాడు కాదు. ‘గెగెగె నో కిటారో’ పేరుతో 1968లో టీవీకెక్కాక న్యాయరక్షకుడయ్యాడు. రంగులు పడ్డ తరవాతి సిరీస్‌లలో ఆ చుక్కల చీకటి పలచబడింది కూడా. ఇంగ్లీషు అనువాదాలు దొరుకుతున్నాయి కనక, కొత్తగా చదవబోయేవాళ్లు ముందు నలుపు తెలుపు పుస్తకాలు పట్టుకోవడం మేలు, కార్టూన్ తరవాత చూసుకోవచ్చు.