ఆగిపోయిన కథ, ఆగని అనుమానం

పాతబస్తీ హాస్టల్లో మన పిల్లలకు చార్లెస్ డికెన్స్ చివరి నవల ‘ఎడ్విన్ డ్రూడ్ రహస్యం’ చెప్పాం. 12 భాగాలు రావాల్సింది. 6 భాగాలకు సరిపడా రాసి, 1870 జూన్ 9న ఆయన కన్నుమూశాడు. క్రిస్మస్ ముందు రాత్రి మాయమైన కుర్రాడు ఎడ్విన్ ఏమయ్యాడో ఇప్పటికీ తేలలేదు.

ముగింపు గురించి ఎందరో వాదించారు. మేం మాత్రం నెవిల్ దగ్గర ఆగిపోయాం. సింహళం నుంచి వచ్చిన అనాథ, నల్లనివాడు. ఎడ్విన్ ఆ రంగునే ఎత్తిపొడుస్తాడు. ఎడ్విన్ కనబడకపోగానే ఊరు నెవిల్‌నే పట్టుకుంటుంది. ఎడ్విన్‌కు కుదిరిన పిల్లపై మేనమామ జాస్పర్ కన్నేశాడన్న ఇంటిగుట్టు మాత్రం ఊరికి తెలియదు.

డికెన్స్ ఈ అన్యాయాన్ని చూపాడు. అయితే తన కోపం తక్కువ జాతి సావాసం వల్ల అంటిందేమోనని నెవిల్ చేతే అనిపించాడు. అక్కడ ఆయనతో మాకు పేచీ.

మరుసటి ఏడే, 1871లో, నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1952లో రద్దయింది. దొంగతనం జరిగితే ముందు తండా వైపు చూసే కళ్లు రద్దు కాలేదు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ కథకు ముగింపు పిల్లల చేత రాయించండి. ముందు నెవిల్ వాంగ్మూలం రాయించండి.