తొట్లకొండ: బొమ్మలేని చోట బుద్ధుడు

అమరావతి శిల్పానికి అలవాటు పడిన కన్ను తొట్లకొండ మీద మొదట తడబడుతుంది. అమరావతిలో సున్నపురాతి పలకల నిండా జాతక కథలు కదులుతాయి. ఏనుగులూ రథాలూ మొక్కే చేతులూ కిక్కిరిసి ఉంటాయి. ఇక్కడ మోకాలెత్తు గోడలు, అరిగిన మెట్లు, ఇటుక స్తూపాలు, వాటి మీద ఆకాశం. చూడటానికి ఏముందనిపిస్తుంది. కాసేపు ఆగితే ఆ ప్రశ్నే ఎగిరిపోతుంది. తెలుగు నేల మీద శాంతరసం ఇంత నిండుగా రూపు కట్టిన చోటు మరొకటి నాకు తెలియదు.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే సముద్రపు దారిలో, 16 కిలోమీటర్ల దూరంలో ఉంది ఈ కొండ. ఎత్తు 128 మీటర్లు. ఎర్రమట్టి వాలుల మీద చెట్లూ పొదలూ, కింద బంగాళాఖాతం. నౌకాదళం విమానాల్లో సర్వే చేస్తున్నప్పుడు ఈ శిథిలాల జాడ తెలిసింది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి, రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ సంఘారామాన్ని వెలికితీసింది.

ఆ సంఘారామం కూర్పులోనే ఉంది అందమంతా. భిక్షువుల గదులు నలుచదరంగా, వరుసగా ఉంటాయి. చైత్యగృహం గుమ్మం దగ్గర తిన్నగా మొదలై, వెనక గోడకు చేరేసరికి అర్ధచంద్రంలా ఒంగుతుంది. మహాస్తూపానికి మూలే లేదు. మూలలున్న గదిలో నిద్రలేచిన భిక్షువు, ఒంగిన గోడల నడుమ నుంచి, ఆద్యంతాలు లేని వలయం దగ్గరికి నడిచేవాడు. ధర్మం చెప్పే మాటను ఇక్కడ నేల మీద గీతే చెబుతోంది. ప్రదక్షిణ చేస్తుంటే సముద్రం ఒకసారి ఎదురొస్తుంది, ఒకసారి వీపు వెనక్కి వెళ్తుంది. చేరవలసిన చోటంటూ లేని ఆ నడకలో మనసు తనంతట తానే నెమ్మదిస్తుంది.

ఇక్కడ పూజ విగ్రహానికి జరగలేదు. స్తూపానికీ, రాతి మీద చెక్కిన పాదాలకూ జరిగింది. తథాగతుడు వస్త్రాలు మడిచిపెట్టి, వాటి మీద భిక్షాపాత్ర బోర్లించి స్తూపం ఆకారం చూపించాడన్న కథను చైనా యాత్రికుడు హ్యుయాన్ త్సాంగ్ రాసిపెట్టాడు. తొట్లకొండ స్తూపాలను చూస్తే ఆ కథ నమ్మబుద్ధేస్తుంది. నాట్యశాస్త్రంలో భరతముని ఎనిమిది రసాలే చెప్పాడని, శాంతం రసమెలా అవుతుందని వాదించిన ఆలంకారికులున్నారు. అవుతుందని అభినవగుప్తుడు గట్టిగా నిలబడ్డాడు. ఆయన పక్షాన సాక్ష్యం చెప్పడానికి ఈ కొండ ఒక్కటి చాలు.

కొండకు పేరు తెచ్చిన తొట్లు దీనికి ప్రాణం. వాన నీటిని పట్టి నిలపడానికి బండలో తొలిచిన గుంటలవి. వానాకాలం మూడు నెలలు ఒక్కచోటే ఉండాలన్నది భిక్షువుల నియమం. ఆ వర్షావాసంలో వాళ్లు ధ్యానంలో ఉంటే, పక్కనే ఏడాదికి సరిపడా నీళ్లు నిండేవి. అవసరమే ఇక్కడ అందమయింది. ఇది లోకం మీద అలిగి దాక్కున్న చోటు కూడా కాదు. తవ్వకాల్లో సాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. సముద్ర వ్యాపారం తెచ్చిన సంపద అందేంత దగ్గరలో, దాని సందడి అందనంత ఎత్తులో కూర్చున్నారు వాళ్లు. ఆ దూరాన్ని అంత కచ్చితంగా కొలిచినవాళ్లను మహాశిల్పులు అనక ఏమంటాం?

ఇలాంటి మరో బౌద్ధ స్థలం ఏమైందో చూడాలంటే హైదరాబాద్‌లోని చైతన్యపురికి వెళ్లాలి. అక్కడ మూసీ ఒడ్డున, కోసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గరి బండ మీద విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనం ఉంది. గోవిందరాజ విహారాన్ని పేర్కొనే ఆ అక్షరాల చుట్టూ ఇప్పుడు కాలనీలు. విహారం ఎలా ఉండేదో, నది వైపు ఎలా చూసేదో ఊహించుకోవడానికి కూడా చోటు మిగల్లేదు. శాసనం బతికింది, దాని దిక్కులు పోయాయి.

తొట్లకొండకు ఆ గతి పట్టకూడదు. విశాఖ భీమిలి వైపే పెరుగుతోంది. 2019 అక్టోబరు వానలకు మహాస్తూపం కూలితే మళ్లీ కట్టుకోగలిగాం. చుట్టూ ఉన్న వాలునూ చెట్లనూ సముద్రపు చూపునూ పోగొట్టుకుంటే మళ్లీ కట్టలేం. ఇటుకలకు కంచె వేస్తే సరిపోదు, మొత్తం కొండను కాపాడాలి. విశాఖ వెళ్లేవారు బీచితో ఆగకుండా ఒక పూట ఈ కొండెక్కండి. స్తూపం చుట్టూ తొందరపడకుండా నడవండి. ఏం కాపాడుకోవాలో అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు.