ఘంటసాల సభలో మా చెంచు పిల్ల

ఫిబ్రవరి 11 ఘంటసాల వర్ధంతి. 1974లో ఆయన పోయారు. ఏటా ఆ రోజుల్లో ఎక్కడో ఒకచోట ఆయన పాటలతో సభ పెడుతూనే ఉంటారు. వనపర్తిలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టిన సభకు తోటి సారు రమ్మంటే వెళ్లాను. హాలు నిండా రిటైరైనవాళ్లే. నలభై దాటిన నేనే అక్కడ కుర్రాడిని.

వాద్యాలు లేవు, ట్రాకులు పెట్టి పాడారు. పాడేవాడికి ఊపిరి అందినా అందకపోయినా ట్రాకు ఆగదు కదా. అందుకే పద్యాల దగ్గరే సభ బతికింది. అక్కడ గాయకుడు రాగాన్ని తన గొంతుకు చాలినంత సాగదీసుకున్నాడు. 'దేవదాసు' పాటకు ముందు వరుసలో ఒక పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. దాన్ని ఎగతాళి చేయను. హాస్టల్లో రేడియో దగ్గర నేనూ ఈ పాటలు వినే పెరిగాను.

తర్వాత 'చెంచులక్ష్మి' యుగళగీతం. 1958 నాటి సినిమా. సాలూరి రాజేశ్వరరావు సంగీతం, ఆరుద్ర రచన, ఘంటసాల, జిక్కి గొంతులు. పాడే అమ్మాయి నెత్తికి ఈక కట్టుకుని వచ్చింది. చరణానికీ చరణానికీ మధ్య 'హుయ్ హుయ్' అని కేకలు. జనం పడిపడి నవ్వారు.

పక్కనున్న పెద్దాయన అడిగాడు: "ఏ ఊరు సారూ మీది?"

"మన్ననూరు దిక్కు. చెంచోళ్లం."

"అరె! అయితే ఈ పాట మీదే గదా!"

ప్రేమగానే అన్నాడు. కానీ మాదేనా?

అసలు పాట ఒకసారి వినండి. జిక్కి గొంతులో అల్లరి ఉంది, వెక్కిరింత లేదు. అందులో ప్రశ్నలు అడిగేది చెంచు పిల్ల, జవాబు చెప్పుకోవలసింది దేవుడు. బడి పంతులుగా నాకది పరీక్షలాగే వినిపిస్తుంది. ప్రశ్నపత్రం మాది, రాసేవాడు నరసింహుడు. చెట్టూ పుట్టా ఎక్కడం మా వాళ్లకు నవ్వులాట కాదు. తేనె కోసం కొండ చరియ మీంచి తాడుకు వేలాడేటప్పుడు పైన తాడు పట్టేది బావమరిది. ప్రాణం అతని చేతిలో ఉంటుంది. ఆ రాత్రి ఈకా, కేకలూ కలిసి పరీక్షను కోతి ఆటగా మార్చేశాయి.

అట్లని సినిమాను నెత్తిన పెట్టుకోను. 'చెంచులక్ష్మి' పేరుతో అంతకుముందే 1943లో ఒక సినిమా వచ్చింది. హైమెన్‌డార్ఫ్ మన అమ్రాబాద్ చెంచుల మీద రాసిన పుస్తకమూ అదే ఏడు అచ్చయింది. ఒకటి ఆట, ఒకటి చదువు. రెండూ బయటివాళ్లు చేసినవే.

ఇంకో సంగతి. మన నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యకు పన్నెండు మెట్ల కిన్నెర మీద 2022లో పద్మశ్రీ వచ్చింది. పండుగ సాయన్న కథను కిన్నెర మీద విన్న ముసలివాళ్లు ఆ హాల్లో కొందరైనా ఉండి ఉంటారు. కానీ పాత జ్ఞాపకం అనగానే సినిమా పాటే. రికార్డుకెక్కింది నిలిచింది, ఎక్కనిది పాడినవాళ్లతోనే పోతోంది. మా నాయనమ్మ పాటలు నాకు రెండో మూడో వచ్చు. ఘంటసాలవి నలభై వచ్చు. ఈ లెక్కలో సభ పెట్టినవాళ్ల తప్పేం లేదు.

గేటు దగ్గర పెద్దాయన మళ్లీ పట్టుకున్నాడు. "మీ వాళ్ల పాట ఒకటి పాడరాదూ సారూ." తేనె పాట ఎత్తుకున్నాను. రెండో చరణం దగ్గర ఆగిపోయాను. ఆయన ఓపిగ్గా నిలబడే ఉన్నాడు.

ఆదివారం పెంటకు పోయి మా అత్తను అడిగాను. ఆమెకు ఆ చరణమూ, దాని తర్వాత ఇంకో నాలుగూ వచ్చు. ఫోన్లో ఎక్కించుకున్నాను. మధ్యలో మేకలు అరిచాయి. అవీ ఎక్కాయి.