కలను గుర్తించడం, కలను నడపడం: హెర్వే గ్రంథంపై ఒక విమర్శ

1867లో ప్యారిస్‌లో ఒక పుస్తకం వెలువడింది. దాని పేరును తెలుగులో 'కలలు, వాటిని నడిపే మార్గాలు' అని చెప్పుకోవచ్చు. అట్టమీద రచయిత పేరు లేదు. రాసినవారు మార్కీ హెర్వే ద సాన్‌దనీ (1822-1892). చైనా భాషాసాహిత్యాలలో పండితులు, తాంగ్ యుగపు కవిత్వాన్ని ఫ్రెంచిలోకి తెచ్చినవారు, తరువాతి కాలంలో కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యులు. ఎంత ప్రయత్నించినా ఈ పుస్తకం తనకు దొరకలేదని ఫ్రాయిడ్ తన స్వప్న గ్రంథంలో చెప్పుకున్నారు. కలలో ఉండగానే 'ఇది కల' అని తెలిసే స్థితిని నేడు లూసిడ్ డ్రీమ్ అంటున్నారు. ఈ పాఠంలో దానిని 'ఎరుక కల' అని వ్యవహరిద్దాం. దీనిమీద వచ్చిన రచనలలో హెర్వే పుస్తకం తొలితరానిది. అందుచేత దానిని నిదానంగా చదవాలి.

పుస్తకం పేరులోని 'నడిపే' అన్న మాట పాఠకుణ్ణి ఆకర్షిస్తుంది. నేను తరగతిలో ఈ విషయం ఎత్తినప్పుడల్లా విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: "సార్, అయితే కోరుకున్న కల తెప్పించుకోవచ్చా?" ఎరుక ఎలా కలుగుతుందని అడిగినవారు తక్కువ. నిజానికి ఇవి రెండు వేర్వేరు విషయాలు. కలను కలగా గుర్తించడం ఒకటి, దానిని మన ఇష్టప్రకారం మార్చడం మరొకటి. మొదటిది ఉండి రెండోది లేకపోవడం చాలా సాధారణం. హెర్వే పుస్తకం మొదటిదానికి గట్టి సాక్ష్యం ఇస్తుంది. రెండోదాని విషయంలో అట్టమీది పేరు చెప్పినంత లోపలి పేజీలు చెప్పవు. ఇది లోపం కాదు, ఈ గ్రంథం విలువ అక్కడే ఉందని నా అభిప్రాయం.

ముందు ఎరుక సంగతి చూద్దాం. హెర్వే తన పద్నాలుగో ఏట కలలను రాసుకోవడం, వాటికి రంగుల బొమ్మలు వేసుకోవడం మొదలుపెట్టారు. మొత్తం 22 నోటు పుస్తకాలు, 1,946 రాత్రులు. తొలిరోజుల్లో చాలా కలలు గుర్తుండేవి కావు. రాయగా రాయగా జ్ఞాపకం పదునెక్కింది. కలలోనే అది కల అని మొదటిసారి తెలిసింది 207వ రాత్రి. రెండోసారి 214వ రాత్రి. మరో ఆరు నెలలకు సగటున ఐదు రాత్రుల్లో రెండు రాత్రులు, ఏడాదికి నాలుగింట మూడు, పదిహేను నెలలకు దాదాపు ప్రతి రాత్రీ ఎరుక కలలు వచ్చాయని ఆయన లెక్క. ఈ అంకెలను మీరు ప్రత్యేకంగా గమనించాలి. మంత్రం లేదు, మందు లేదు. మొదటి ఎరుక రావడానికి ముందు ఆరు నెలలకు పైగా జరిగిన పని ఒక్కటే: నిద్రలేచాక రాసుకోవడం. వారం రోజుల్లో కలలకు రాజు కావచ్చని చెప్పే నేటి చిట్కా పుస్తకాలు ఈ 206 రాత్రుల మాట ఎత్తవు.

ఇక నడపడం. ఒక పీడకల హెర్వేను పదేపదే వెంటాడేది. గదుల వెంట గదులు దాటుతూ పరుగెత్తడం, తలుపులు తెరవడానికీ మూయడానికీ పెనుగులాడటం, వెనుక భయంకరమైన భూతాలు. నాలుగోసారి వచ్చినప్పుడు అది కల అని ఆయనకు తెలిసింది. భూతాలను మాయం కమ్మని ఆజ్ఞాపించలేదు. ఆయుధాన్ని సృష్టించుకోలేదు. గోడకు వీపు ఆనించి నిలబడి, వాటిలో ముఖ్యమైనదానిని తేరిపార చూశారు. పాత చర్చిల ద్వారాల మీద చెక్కిన దయ్యపు బొమ్మలా కనిపించింది. వివరంగా చూసేకొద్దీ దాని కదలిక మందగించి, ఆకారం చెదిరి, చివరికి వేషాల దుకాణం ముందు వేలాడే గుడ్డపీలికల్లా మిగిలింది. పుస్తకం మొత్తంలో నాకు అత్యంత విలువైనదిగా తోచే ఘట్టం ఇదే. ఇక్కడ మారింది చూసేవాడి చూపు, దాని వెంట దృశ్యం మారింది.

రెండో ఉదాహరణ దీనికి పూర్తిగా భిన్నమైనది. కలలో చావును అనుభవించగలనా అన్న కుతూహలంతో, కల అని తెలిసే, హెర్వే ఒక ఇంటి పై అంతస్తు ఎక్కి కిటికీలోంచి దూకారు. మరుక్షణం ఆయన ఒక చర్చి ముందరి మైదానంలో, గుమికూడిన జనంలో ఒకరిగా నిలబడి ఉన్నారు. ఎవరో గోపురం మీదినుంచి దూకి చనిపోయాడని చుట్టూ చెప్పుకుంటున్నారు. శవాన్ని మోసుకుపోతున్నారు. దూకిన మనిషి ప్రేక్షకుడైపోయాడు! సంకల్పం నూటికి నూరుపాళ్లు ఉంది, ఎరుకా ఉంది, అయినా అడిగినది రాలేదు. హెర్వే చెప్పే కారణం: జ్ఞాపకంలో లేని అనుభవాన్ని కల ఇవ్వలేదు. మనం తలచుకున్నదే కలలో కనిపిస్తుందని, ఆ బొమ్మలన్నీ ఫొటో పలకల్లా జ్ఞాపకంలో దాచిపెట్టినవేనని ఆయన సిద్ధాంతం. ఆనాటి ఫొటోగ్రఫీ ఉత్సాహం ఈ పోలికలో కనబడుతుంది. సిద్ధాంతంగా ఇది చాలా ఇరుకైనది. ఆ గుంపును, ఆ గోపురాన్ని, ఆ శవాన్ని ఒక్క క్షణంలో ఒకే కథగా కూర్చినది ఎవరు? పలకల పెట్టె అలా కథ అల్లలేదు. ఈ ప్రశ్నకు పుస్తకంలో సరైన జవాబు లేదు. కాని, తన కోరిక నెరవేరని రాత్రిని కూడా దాచకుండా రాసినందుకు రచయితను మెచ్చుకోవాలి.

పద్ధతి విషయంలోనూ ఆయన తన కాలానికి ముందున్నారు. వివరే ప్రాంతంలో స్నేహితుల ఇంట ఉన్న రోజుల్లో ఒకే అత్తరు వాడి, తిరిగొచ్చాక దానిని నెలల తరబడి మూతపెట్టి ఉంచారు. తరువాత నౌకరుతో, తనకు చెప్పకుండా తనకు తోచిన ఒక రోజు, తాను నిద్రలో ఉండగా దిండుమీద కొన్ని చుక్కలు వేయమన్నారు. ఆ కొండలు కలలోకి వచ్చాయి. ఏ రోజున అన్నది తనకే తెలియకుండా చేసుకోవడంలో ఉన్న శాస్త్రీయ జాగ్రత్తను మీరు గుర్తించాలి. అయితే ఇది 'నడపడమే' అయినా, నడిపింది కలలోని మనిషి కాదు, బయటి వాసన. పుస్తకంలో కచ్చితంగా ఫలించిన ప్రయోగాలు చాలావరకు ఇటువంటివే. (నౌకరు, అత్తరు, తీరిక ఉన్న మార్కీ గారి ప్రయోగాలు ఇవి అన్నదీ మరువరాదు.)

నిద్రలో అవధానం, సంకల్పం పనిచేయవని నాటి మరో ప్రసిద్ధ పరిశోధకుడు అల్‌ఫ్రెడ్ మోరీ వాదించారు. హెర్వే ఆయనతో నేరుగా తలపడ్డారు. ఎరుక విషయంలో కాలం హెర్వే పక్షాన తీర్పు చెప్పింది. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ ప్రయోగంలో అలన్ వర్స్లీ అనే వ్యక్తి కలలోంచి, ముందుగా అనుకున్న విధంగా కళ్లు కుడి ఎడమలకు కదిపి సంకేతం పంపారు. ఆ దశలో ఒళ్లు కదలకపోయినా కనుగుడ్లు కదులుతాయి కాబట్టి అది యంత్రం మీద నమోదైంది. స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్ విడిగా ఇదే సాధించి విస్తరించారు. 2021లో నాలుగు దేశాల ప్రయోగశాలలు 36 మందితో కలిసి చేసిన పరిశోధనలో, కలలో ఉన్నవారిని ఎనిమిదిలోంచి ఆరు తీస్తే ఎంత వంటి ప్రశ్నలు అడిగి కళ్ల సంకేతాలతో జవాబు రాబట్టారు. సరైన జవాబు వచ్చింది 158 ప్రయత్నాలలో సుమారు 18 శాతంలోనే. ఎరుక నిజమని చెప్పడానికి అది చాలు. కల మన చేతిలో ఉందని చెప్పడానికి చాలదు.

డచ్ వైద్యుడు, రచయిత ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో ప్రచురించిన వ్యాసం హెర్వే పక్కన పెట్టి చదవదగినది. 1898 నుంచి 1912 వరకు ఆయన రాసుకున్న 500 కలలలో 352 ఎరుక కలలు. ఒక కలలో గాజు గ్లాసును పగలగొట్టాలని పిడికిలితో బలంగా కొట్టారు. పగలలేదు. కాసేపాగి మళ్లీ చూస్తే పగిలి ఉంది. కల వినలేదా అంటే విన్నది, కాని తన వేళకు. కోరికకూ ఫలితానికీ మధ్య ఉన్న ఆ చిన్న వ్యవధి 'అదుపు' అన్న మాటను ఎంత జాగ్రత్తగా వాడాలో చూపుతుంది.

మన దేశంలో ఈ విషయం రాగానే 'మనవాళ్లు ఎప్పుడో చెప్పారు' అనే వాక్యం వినిపిస్తుంది. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకునితో స్వప్నం గురించి మాట్లాడిన మాట నిజం. అక్కడ లేని రథాలను, దారులను స్వప్నంలో సృష్టించుకునే పురుషుని ప్రస్తావన ఉంది. కాని అక్కడి ప్రశ్న ఆత్మ ఏ వెలుగులో చూస్తుందన్నది, కలను ఎలా వంచాలన్నది కాదు. దానిని పద్ధతి గ్రంథంగా చదివితే ఉపనిషత్తుకూ న్యాయం జరగదు, పరిశోధనకూ జరగదు. టిబెట్ బౌద్ధుల స్వప్న యోగం మాత్రం నిజంగా సాధనే. కలలోని వస్తువులను మార్చి చూడటం అందులో ఉంది. అయితే అక్కడ మార్చడం గమ్యం కాదు, మారేదానికి సారం లేదని తెలుసుకోవడానికి ఒక మెట్టు.

ఈ తేడా పుస్తకాల వరకే పరిమితం కాదు. పీడకలలతో నిద్రకు భయపడేవారికి 'కల నీ మాట వింటుంది' అని చెబితే, వినని రాత్రి వారు రెండింతలు ఓడిపోయినట్లు భావిస్తారు. 'ఇది కల, పరుగెత్తకుండా చూడవచ్చు' అన్నది నిలబడే మాట. అలాగే ఐదు గంటలు పడుకొని అలారంతో లేచి మళ్లీ పడుకోవడం వంటి పద్ధతులు ఎరుక కలలకు తోడ్పడతాయి గాని, నిద్రను విరుస్తాయి. పగలు పని, రాత్రి చదువు ఉన్న మీ వంటివారికి ఆ ఖర్చు చిన్నది కాదు. వాస్తవానికీ భ్రమకూ తేడా తెలియని మానసిక ఇబ్బంది ఉన్నవారు వైద్యుని అడగకుండా వీటి జోలికి పోరాదు.

హెర్వే గ్రంథానికి 1982లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం సంక్షిప్తమైనది. గ్రంథాలయంలో దొరికితే భూతాల కల, గోపురం కల ఉన్న భాగాలను ముందు చదవండి. కల మారిన ప్రతిచోటా పెన్సిలుతో ఒక గుర్తు పెట్టి, అక్కడ ముందుగా ఏం మారిందో పక్కన రాసుకోండి: దృశ్యమా, హెర్వే చూపా, లేక దిండు మీది వాసనా?