నీరు పల్లమెరుగు – ఆ పల్లం ఎవరిది?

‘నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు’ అన్న సామెతను మనం ఉత్తరార్ధం కోసమే వాడుతుంటాం. తగవు తేలనప్పుడు ఆ మాట అనుకుని ఊరుకుంటాం. పూర్వార్ధం కేవలం పోలికగా మిగిలిపోతుంది. పొలం గట్టు మీద నిలబడి చదివితే మాత్రం ఆ పోలికలోంచే ఒక ప్రశ్న పుడుతుంది: ఆ పల్లం ఎవరిది?

ఒడిశా వరి పొలాల్లో దీనికి ఒక జవాబు దొరుకుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ వరి ఒడిశాలోనూ విస్తారంగా పాకింది. దిగుబడి మంచిదే. కాని పైరు వారానికి మించి పూర్తిగా మునిగితే బాగా దెబ్బతింటుంది. 2009లో విడుదలైన స్వర్ణ-సబ్1 సుమారు రెండు వారాల ముంపును ఓర్చుకుంటుంది. నీటి పైకి సాగే ప్రయత్నంలో శక్తిని కరగదీసుకోకుండా, ఎదుగుదల ఆపి నిల్వలను కాపాడుకోవడమే దాని కిటుకు. ఆ గుణం ఒడిశా రైతుల దేశవాళీ వరి నుంచి వచ్చినదే. ఇది సంకర విత్తనం కాదు గనుక రైతు తన పంటలోంచే విత్తనం దాచుకోవచ్చు.

ఒడిశా పొలాల్లో జరిపిన పరిశోధన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. పది రోజుల ముంపులో కొత్త రకం పాతదానికంటే సుమారు 45 శాతం ఎక్కువ పండింది. ఈ మేలు షెడ్యూల్డ్ కులాల రైతులకే ఎక్కువగా అందే అవకాశముందని తేలింది. కారణం, వారి పొలాలు ముంపు నేలల్లో ఎక్కువగా ఉండటమే.

అంటే ఈ నిజం దేవుడికి మాత్రమే తెలిసినది కాదు. మెరక ఎవరికి దక్కింది, పల్లం ఎవరికి మిగిలింది అన్నది మనుషుల చరిత్ర. రైతు కథలోని వరదను ‘విధి’ అని తేల్చేసే విమర్శ ఆ చరిత్రను దాటేస్తుంది. విత్తనాన్నే కథానాయకుణ్ణి చేసే వ్యాసాలదీ అదే లోపం. వారాల తరబడి నిలిచే నీటికి సబ్1 కూడా లొంగిపోతుంది. పొలం ఎత్తును అది మార్చలేదు. కుండపోతలు పెరుగుతున్న ఈ కాలంలో ఈ తేడా గుర్తుంచుకోవాలి.

సామెతలు సేకరించే విద్యార్థులకు ఒక్క మనవి. సామెతతోపాటు, చెప్పినవారి పొలం మెరకా, పల్లమా అన్నది కూడా రాసుకోండి.